తొమ్మిదిన్నరకి కరెంట్ కట్!

2024 జులై 4, సాయంత్రం. హైదరాబాద్, వనస్థలిపురం. గాలి లేదు, ఒకటే ఉక్క. టీవీలో ముంబై మెరైన్ డ్రైవ్: వరల్డ్ కప్పుతో మన జట్టు బస్సెక్కి ఊరేగుతోంది. రిటైరైన లెక్కల మాస్టారి చూపు మాత్రం టీవీ మీద లేదు. పొద్దున మీటరు రీడర్ మిషన్‌లోంచి చింపి ఇచ్చిన బిల్లు ఒక చేతిలో, ఫోను ఇంకో చేతిలో. ఎండలకి ఏసీ తెగ తిరిగి 200 యూనిట్లు దాటింది, గృహజ్యోతి ఉచిత కరెంట్ చేజారింది. మొత్తం కట్టాల్సిందే. ఫోన్‌పేలో కొట్టారు. పోలేదు. మళ్లీ కొట్టారు. ఊహూఁ.

ఆ వారం నగరంలో ఎన్ని ఇళ్లలో ఇదే అవస్థో! అలాంటి ఇళ్లలో జరిగినవి కలిపి అల్లితే ఈ ఒక్క ఇల్లు. అందుకే ఇక్కడ పేర్లు లేవు.

అసలు జరిగింది ఇదీ. బిల్లుల చెల్లింపులు భారత్ బిల్ పేమెంట్ సిస్టమ్ ద్వారానే సాగాలని ఆర్‌బీఐ చెప్పింది. మన డిస్కమ్, అంటే కరెంట్ పంపిణీ సంస్థ, అప్పటికి అందులో చేరలేదు. దాంతో జులై 1న టీజీఎస్‌పీడీసీఎల్ ప్రకటించింది: ఫోన్‌పే, గూగుల్‌పే, పేటీఎం, అమెజాన్‌పే, బ్యాంకులు మా బిల్లులు తీసుకోవడం ఆపేశాయి, ఇకపై మా వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో కట్టండి. అటు ఆంధ్రా డిస్కమ్‌లదీ అదే పాట. తర్వాత ఈ డిస్కమ్‌లన్నీ అందులో చేరాయి, పాత యాప్‌లూ పనిచేశాయి. కానీ ఆ రోజుల్లో మాత్రం జనం చేతిలో ఉన్నది సగం సమాచారం. మిగతా సగం నింపడానికి ఎవరో కాచుకుని ఉన్నారు.

టింగుమని మెసేజ్. ‘మీ పోయిన నెల బిల్లు అప్‌డేట్ కాలేదు. ఈ రాత్రి 9.30కి కరెంట్ కట్ చేస్తాం. వెంటనే మా ఆఫీసర్‌కి ఫోన్ చేయండి.’ కింద మొబైల్ నంబరు. అప్పటికి రెండేళ్లుగా దేశమంతా తిరుగుతున్న మెసేజే అది. మాస్టారి ఫోన్‌కి రావడం మాత్రం అదే మొదలు. గడియారం చూశారు. ఎనిమిదిన్నర.

“పోయిన నెల కట్టేశాను కదండీ!” అన్నారు ఫోన్లో.

“కట్టారు సార్, ఎవరు కాదన్నారు? అది పాత అకౌంటుకి పోయింది. మాకు అకౌంటు మారింది. ఫోన్‌పే పనిచేయట్లేదు కదా, చూశారా?”

“ఆఁ, పేపర్లో కూడా వేశారు.”

అంతే. గొళ్లెం ఆయనే తీశారు.

ఇక అవతలి గొంతు ఆగలేదు. మీ సర్వీసు కొత్త అకౌంటుకి ఎక్కించాలి సార్ అంటూ, ఒక లింకు పంపి, అందులోంచి చిన్న యాప్ దింపించి, స్క్రీన్ మీద ఏదడిగినా ‘అలౌ’ నొక్కించి, కోడ్ చెప్పించుకుని, ఊరికే పది రూపాయలు కట్టండి, అప్‌డేట్ కావడానికంతే అని నచ్చజెప్పి, ఆయన కళ్లద్దాలు సర్దుకుంటూ ఒక్కో అంకే కొడుతుంటే ఎంతో ఓపిగ్గా “మెల్లగా సార్, కంగారేం లేదు” అంది. పది రూపాయలు పోయాయి. ఓటీపీ ఇంకోటి వచ్చింది.

మాస్టారు దాన్ని చదివి చెప్పనే లేదు. ఆ యాప్‌లోంచి ఆయన స్క్రీనంతా అవతలివాడికి కనిపిస్తోంది మరి. ఈలోపే బ్యాంకు మెసేజ్. ఖాతాలోంచి 49,000 రూపాయలు డెబిట్.

“ఏవండీ, ఏంటది?” వంటింటి గుమ్మంలో ఆవిడ. చేతిలో అట్లకాడ.

“కరెంటాఫీసు వాళ్లే. తిరిగి వేస్తామంటున్నారు.”

మళ్లీ టింగ్. 24,000.

“కరెంటాఫీసు వాళ్లు మీ డబ్బులెందుకు తీస్తారండీ? ఆపెయ్యండా ఫోను!”

ఆవిడే లాక్కుని ఆపేసింది. హాల్లో క్రికెట్ హోరు ఒక్కటే మిగిలింది. మాస్టారి ఒళ్లంతా చెమట. ఆవిడ తన ఫోన్లోంచి బ్యాంకుకి కొట్టి ఖాతా బ్లాక్ చేయించింది. తర్వాత 1930.

సైబర్ మోసాల ఫిర్యాదు నంబరది. అక్కడ ఫిర్యాదు నమోదైతే సంబంధిత బ్యాంకులకి కబురు వెళ్తుంది, దొంగ ఖాతాలో డబ్బు ఇంకా ఉంటే అక్కడికక్కడే బిగిస్తారు. ఉంటేనే. దొంగలు ఊరుకుంటారా? ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకి, అక్కడి నుంచి ఏటీఎంకి తోలేస్తారు.

మాస్టారు ఖాతా నంబరు చెప్పారు. 1930 వాళ్లు లావాదేవీ నంబరు అడిగారు. అది ఆపేసిన ఫోన్లో ఉంది. డేటా, వైఫై కట్టేసి, ఆ యాప్ పీకేసి, మెసేజ్ వెతికి చదివేసరికి ఆయన గొంతు రెండుసార్లు తడబడింది.

తొమ్మిదిన్నర దాటింది. ఫ్యాను ఆగలేదు.

ఆగదు కూడా. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం, బకాయి ఉందని కరెంట్ తీయాలంటే ముందు 15 రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసివ్వాలి. రాత్రికి రాత్రి మెసేజ్ కొట్టి ఫ్యూజు పీకడం కుదరదు.

రెండోసారి పోయిన 24,000 దొరికింది, దొంగ ఖాతాలోనే బిగిసింది. అది చేతికి రావాలంటే ఇంకా కాగితాలు, లోక్ అదాలత్. 49,000 అప్పటికే చేతులు మారిపోయింది.

మర్నాడు మాస్టారు ఏ యాప్ జోలికీ పోలేదు. నోట్లు జేబులో పెట్టుకుని కరెంటు బిల్లులు కట్టించుకునే ఈఆర్‌ఓ కౌంటర్ దగ్గర లైన్లో నిలబడ్డారు. లోపలి క్లర్కు బిల్లు తిప్పి చూశాడు.

“నిన్ననే కదా సార్ బిల్లొచ్చింది! చివరి తేదీకి ఇంకా బోలెడు టైముంది. అంత తొందరేమొచ్చింది?”