గ్రంథకర్త చేవ్రాలు

గ్రంథకర్త తన పుస్తకమును చదువరి చేతికిచ్చునపుడు దానిపై ఏమి వ్రాసి యీయవలెనను విషయమును గూర్చి నేడు ముచ్చటించెదను. ఇది మిక్కిలి స్వల్పమైన సంగతి యని కొందఱు తలపవచ్చును. కాని మన కవుల కాలమును గూర్చిన వివాదములు కొన్ని తీరుటకును, కొన్ని నేటికిని తీరకుండుటకును ఈ స్వల్పవిషయమే కారణము.

అచ్చు లేని కాలమున పుస్తకమంతయు చేతివ్రాతయే. అయితే ఆ చేయి కవిది కాదు, లేఖకునిది. తాటియాకు చివికిన కొలదిని ప్రతికి ప్రతి వ్రాయించుచుండెడివారు. కవి తన స్వహస్తముతో ఆకుపై పేరు చెక్కినను అది ఆ యొక్క ప్రతితోనే నశించును. కనుక మన పూర్వకవులు తమ చేవ్రాలును కావ్యశరీరములోనే యిమిడ్చిరి. మొదట అవతారికలో తమ వంశమును, కృతిభర్త వంశమును చెప్పిరి. ఆశ్వాసాంతమున గద్యములో తమ పేరు నిలిపిరి. కథకు ముందు షష్ఠ్యంతములను వ్రాసిరి. ఆ పద్యముల భావ మేమి? ఇట్టి గుణములు గలవానికి, ఇట్టి కీర్తి గలవానికి ఈ కావ్యము అని కదా! నేడు రచయితలు పుస్తకము మొదటి పుటలో "ఫలానావారికి" అని వ్రాయు పంక్తికి మూలపురుషుడు ఆ షష్ఠ్యంతమే.

ఇందువలన కలిగిన మేలును చూడుడు. మనుచరిత్రమును పెద్దన శ్రీకృష్ణదేవరాయల కంకితము చేసెను. రాయలు 1509 మొదలు 1529 వఱకు ఏలినవాడు గనుక ఆ ప్రబంధము కాలము మనకు సులభముగా తెలియుచున్నది. శ్రీనాథుడు హరవిలాసమును అవచి తిప్పయసెట్టి యను వర్తకున కిచ్చెను. ఆ యవతారికలో సెట్టిగారు ఓడలపై తెప్పించు దూరదేశపు సరకుల ప్రశంస యున్నది. అది నేడు ఆనాటి వర్తక చరిత్రకు సాక్ష్యము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848-1919) కవుల చరిత్రమును కూర్చునపుడు వారికి ఇట్టి యవతారికలు గొప్ప యాధారములయ్యెను.

అందఱును నరులకే యిచ్చిరనుకొనరాదు. తిక్కన తన భారతభాగమును హరిహరనాథునకు, పోతన భాగవతమును, మొల్ల రామాయణమును శ్రీరామునకు, రాయలు తన ఆముక్తమాల్యదను వేంకటేశ్వరునకు అర్పించిరి. ఎఱ్ఱన అరణ్యపర్వశేషమును పూరించి, దానిని తన ప్రభువున కీయక, నన్నయకు భారతము నప్పగించిన రాజరాజనరేంద్రుని పేరనే నిలిపెను. ఒరుల పుస్తకమున తన చేవ్రాలు ఎంతవఱకు ఉండవలెనో యెఱిగిన వినయము అది.

ఇక లోటు జరిగినచోటు చూతము. వేమన ప్రతి పద్యమునను తన పేరు చెప్పెను గాని కాలము చెప్పలేదు, ఎవరి కిచ్చెనో చెప్పలేదు. 1829లో బ్రౌనుదొర ఆ పద్యములను అచ్చు వేయించెను. పండితులు నేటికిని ఆ మహానుభావుని కాలమును గూర్చి వాదించుచునే యున్నారు. సుమతి శతకము సంగతి దీనికి తలక్రిందులు. అందు మకుటము చదువరిని "సుమతీ" యని ఆదరముతో పిలుచునది. కవి పేరు మాత్రము అందు లేదు. బద్దెన యని కొందఱందురు, కాదని కొందఱందురు. కనుక చేవ్రాలునకు మూడంగములు ఉండవలెను: ఇచ్చువాని పేరు, పుచ్చుకొనువాని పేరు, స్థలకాలములు. ఒకటి తప్పినను చరిత్ర కుంటుపడును.

అచ్చు వచ్చిన పిదప వేయి ప్రతులును ఒక్క పోలికగా నుండును. ఒక ప్రతిని మరియొక ప్రతినుండి వేఱుచేయునది గ్రంథకర్త చేతివ్రాత యొక్కటే. గాంధీమహాత్ముడు తన చేవ్రాలు కోరినవారివద్ద అయిదు రూపాయలు హరిజన నిధికి పుచ్చుకొనెడివాడు. చేవ్రాలు కీర్తికొఱకు గాక ధర్మమునకు వినియోగపడవలెనని ఆయన యాశయము.

ఆబిడ్సులో ఆదివారమునాడు వీధిప్రక్కన పఱచి అమ్ము పాతపుస్తకములలో నేను రెండింటిని కొంటిని. ఒకదానిపై పాము ప్రాకినట్లు ఒక గీత మాత్రమున్నది. అది ఎవరిదో, ఎవరికో తెలియదు. రెండవదానిపై ఒక పల్లెటూరి గ్రంథాలయము పేరు, తేది, రచయిత పూర్తి పేరు నాలుగు పంక్తులలో నున్నవి. ఆనాటి కాయూర గ్రంథాలయ మున్నదని ఆ నాలుగు పంక్తులే నాకు చెప్పినవి. మా సికిందరాబాదున ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము 1905లో వెలసినది. నైజాము ప్రభుత్వము 53వ గస్తీ నిషాన్ వెలువరించి సభలకు అనుమతి కావలెనన్నది. అట్టి కాలమున పల్లెలలో పుస్తకములు కూడబెట్టినవారి పట్టికలు దొరకనిచోట ఇట్టి పంక్తులే వారి శాసనములు.

పద్మారావు నగరులోని మా యింటికి వచ్చు యువరచయితలు "మాస్టరుగారూ, ఏమని వ్రాయుదుము?" అని యడుగుచుందురు. వారికి నేను చెప్పునది యిది. ముఖపత్రమునకు ముందున్న ఖాళీపుటలో వ్రాయుడు. చదువరి పేరును, ఇంటిపేరును అడిగి తెలిసికొని తప్పులేక వ్రాయుడు. పెద్దలకు నమస్కారమని, పిన్నలకు ఆశీస్సులని, సమానులకు స్నేహమని వ్రాయుడు. గీత గీయక, చదువుటకు వీలగునట్లు పేరు వ్రాయుడు. ఊరు, తేది, సంవత్సరము విడువకుడు.

పెద్దలారా! మీ యూరికి గ్రంథకర్త వచ్చినపుడు మీరును ఈ మూడంగములను అడిగి వ్రాయించుకొనుడు. మీ పెట్టెలలోని పాతపుస్తకములు అమ్ముటకు ముందు మొదటి యాకు ఒక్కసారి త్రిప్పి చూడుడు. మీ తాతగారి పేరు, మీ యూరి పేరు అందుండవచ్చును. దానిని చింపి పొట్లము కట్టినచో మీ యూరి చరిత్రలో ఒక పుట పోయినట్లే.