రూజ్వెల్టు మేనమామ

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు పేరు మన దేశమున చదువుకొన్నవారందరికిని తెలిసినదే. అతని తల్లి సారాకు తోడబుట్టిన తమ్ముడగు ఫ్రెడరిక్ ఎడ్రియన్ డెలానో పేరు మాత్రము ఆ దేశమందే బహు కొలదిమందికి తెలియును. రైలు కార్ఖానాలో పని నేర్చి, క్రమముగా రైల్వే కంపెనీలకు అధ్యక్షుడై, దేశపు కేంద్రబ్యాంకు తొలి పాలకవర్గమున కూర్చుండి, షికాగో, న్యూయార్కు, వాషింగ్టను నగరముల భావిరూపమును గూర్చి మూడు దశాబ్దములకు పైగా యోచించి, తాను పదేండ్లు సాకిన జాతీయ ప్రణాళికా సంఘము తనకు ఎనుబదేండ్లు నిండుటకు పది దినముల ముందు అంతరించుట కన్నులార జూచిన యీ పెద్దమనిషి జీవితమున, ఆజ్ఞ యిచ్చిన కాలముకంటె సలహా చెప్పిన కాలమే యెక్కువ.

డెలానో 1863 సెప్టెంబరు 10వ తేదీన హాంకాంగులో జన్మించెను. అమెరికా వర్తకుని బిడ్డ చీనా తీరమున పుట్టుటకు కారణము నల్లమందు. తండ్రి వారెన్ డెలానో యౌవనమున కాంటను నగరమందు రస్సెల్ కంపెనీలో భాగస్వామియై, తేయాకు, పట్టు వర్తకముతోపాటు, తురుష్కదేశపు నల్లమందును, మన దేశమున పండి ఓడలకెక్కిన నల్లమందును అమ్ముటయందును పాలుగొని, ధనవంతుడై స్వదేశమునకు మరలి, హడ్సన్ నదీతీరమున న్యూబర్గు చెంత అల్గొనాక్ అను భవనమున సుఖముగా నుండెను. కాని 1857 నాటి ఆర్థిక సంక్షోభమున ఆస్తి చాలవరకు హరించిపోగా మరల చీనా చేరి ఆ వ్యాపారమునే సాగింపవలసివచ్చెను. 1862లో భార్యాబిడ్డలును ఓడనెక్కి అతనిని చేరిరి. మరుసటి యేడు ఈ కుమారుడు కలిగెను. ఈ నల్లమందు ప్రసక్తిని పాఠకులు మనసున నుంచుకొందురుగాక. అరువదేండ్ల పిమ్మట ఇది యీ కథలోనికి మరల వచ్చును.

1885లో హార్వర్డు పట్టము పుచ్చుకొన్న డెలానో, తండ్రి పేరు చెప్పి ఏ కార్యాలయమందైనను కుర్చీ సంపాదింపగలవాడయ్యును, బర్లింగ్టన్ రైల్వేలో చేరి, మొదట కొలరాడోలో దారి సర్వే చేయు బృందముతో తిరిగి, పిమ్మట ఇలినాయి రాష్ట్రపు అరోరా పట్టణమందలి కార్ఖానాలో అప్రెంటిసుగా యంత్రముల పని నేర్చెను. తరువాత చాలకాలము షికాగోలోని గూడ్సు యార్డుల పర్యవేక్షణ అతని పాలబడెను. నాటి షికాగో ఇరువదికి పైగా రైల్వే కంపెనీలు వచ్చి కలియు కూడలి. ప్రయాణికుల స్టేషన్లే ఆరు. ఏ కంపెనీకి ఆ కంపెనీ తన యార్డు, తన పట్టాలు, తన గిడ్డంగులు వేరువేరుగా నిర్మించుకొనుటచేత, వేలమైళ్లు నిరాటంకముగా పరుగెత్తివచ్చిన గూడ్సుపెట్టె నగరము చేరినంతనే ఒకరి యార్డునుండి మరియొకరి యార్డునకు మారు నిమిత్తము నిలిచిపోయెడిది. నగరమునకు నడుబొడ్డున నుండు విలువైన భూమియు, సరస్సు తీరమును పట్టాలక్రిందికి పోయెను. ఎవరికివారు తెలివిగా నడచుకొన్నంత మాత్రమున అందరికి మేలు కలుగదను సత్యము పుస్తకములలో చదివి యెరిగినవారు చాలమంది గలరు. డెలానో దానిని గూడ్సు యార్డులో ప్రతిదినము చూచెను.

1901లో బర్లింగ్టనుకు జనరల్ మేనేజరై, 1905లో ఆ కొలువు విడచి, జార్జి గూల్డు అధీనమందుండిన వబాష్ రైల్వేకు అధ్యక్షుడయ్యెను. ఇది అదృష్టము తెచ్చిన పదవి కాదు. గూల్డు పిట్స్‌బర్గు నగరములోనికి ఎట్లైనను తన రైలును చేర్పవలెనను పంతముతో, కొండలు తొలిచి, నదులకు వంతెనలు గట్టి, అపారధనము వెచ్చించి వేయించిన శాఖామార్గము 1904లో తెరువబడి, నాలుగేండ్లైనను తిరుగకముందే దివాలా తీసెను. ఆ భారమునకు తోడు తన అప్పులును కలిసి 1911లో వబాష్ కంపెనీయు న్యాయస్థానపు రిసీవర్ల చేతిలో పడెను. డెలానోయే ఆ రిసీవర్లలో ఒకడై రెండేండ్లు దాని వ్యవహారములు చక్కబెట్టెను. తాను వేయని దారికి తాను జమాఖర్చు చెప్పుకొనవలసివచ్చిన ఈ అనుభవము వ్యర్థమైనదని నే ననుకొనను. ముందుచూపు లేని నిర్మాణమునకు చెల్లింపవలసిన మూల్యమెంతయో ఇంత దగ్గరగా చూచినవాడు ప్రణాళికావాది యగుటలో వింత లేదు.

అప్పటికే షికాగో వర్తక ప్రముఖుల కమర్షియల్ క్లబ్బు పక్షమున డేనియల్ బర్నహాం అను వాస్తుశిల్పి, ఎడ్వర్డు బెన్నెట్ తోడ్పాటుతో నగరమున కొక మహాప్రణాళిక సిద్ధపరచి 1909లో ప్రకటించియుండెను. ఆ యత్నమునకు పురికొల్పినవారిలో డెలానో, అతని మిత్రుడు చార్లెస్ నార్టన్ ముఖ్యులు. స్టేషన్లను ఏకముచేసి గూడ్సు వ్యవహారమును నగరము నడుమనుండి తొలగింపవలెనను భాగమునకు డెలానో రైల్వే అనుభవము పునాదిగా నుండెను. సరస్సు తీరము ప్రజల విహారమునకే విడువవలెనని ఆ ప్రణాళిక పట్టుపట్టెను. నేటి షికాగో సౌందర్యము చాలవరకు ఆ పట్టుదలకు ఫలము.

1914లో అధ్యక్షుడు వుడ్రో విల్సన్, అంతకు ముందటి డిసెంబరులో చట్టమైన ఫెడరల్ రిజర్వు వ్యవస్థకు తొలి పాలకవర్గమును నియమించుచు, బ్యాంకరు కాని డెలానోను అందులో చేర్చి ఉపాధ్యక్షస్థానమున నుంచెను. ఐరోపాలో యుద్ధజ్వాల లేచిన ఆగస్టు మాసముననే ఆ వర్గము ప్రమాణస్వీకారము చేసెను. దేశమునకు పండ్రెండు రిజర్వు బ్యాంకులు అనవసరమనియు, కొన్నింటిని కలిపివేయవలెననియు డెలానోయు మరి కొందరు సభ్యులును యోచించిరి గాని, అట్టి అధికారము వర్గమునకు లేదని ప్రభుత్వ న్యాయాధికారి తేల్చుటతో ఆ మాట అంతటితో ముగిసెను. పండ్రెండును నేటికి పండ్రెండుగానే యున్నవి. 1918లో, ఏబదియైదేండ్లకు సమీపించుచున్న వయసున, ఆ కొలువునకు రాజీనామా యిచ్చి, సైన్యమున చేరి, ఫ్రాన్సుదేశమున అమెరికా సేనల రవాణాకార్యమున పనిచేసి కర్నలు బిరుదముతో మరలెను.

ఇక నల్లమందు మాట. 1926లో నానాజాతి సమితి పారశీకదేశమున నల్లమందు సేద్యమును విచారించుట కొక సంఘమును పంపుచు, దానికి డెలానోను అధ్యక్షునిగా నెన్నుకొనెను. తండ్రి అమ్మిన సరకును మాన్పించు ఉపాయము వెదకుట కుమారుని పాలబడినది! దీనిని ప్రాయశ్చిత్తమని వర్ణించి కన్నీరు పెట్టుట సులభము. డెలానో అట్టి ఆవేశములకు లోబడు స్వభావము గలవాడు కాడు. అతడు ఆ సమస్యను రైల్వే మనుష్యుని కంటితో చూచెను. దారులు లేని కొండదేశమున గాడిదలపైనను ఒంటెలపైనను పోవలసిన రైతుసరకు బరువు తక్కువయు, వెల యెక్కువయునై, నెలల ప్రయాణమునకు చెడనిదియై యుండవలెను. నల్లమందు సరిగా అట్టిది. గోధుమలు పండించి అదే దారిని బజారునకు చేర్పబూనిన రైతునకు కూలిడబ్బులైన దక్కవు. కావున ముందు రోడ్లు, రవాణా సౌకర్యములు, బదులు పంటలు కల్పించి, పిమ్మట క్రమక్రమముగా నల్లమందు సేద్యము తగ్గింపవలెనని సంఘము సిఫారసు చేసెను. రైతును దండించు చట్టములకంటె ఈ మార్గమే మేలని నా తలంపు. బదులు పంటను గూర్చి నేడు పండితులు చేయు చర్చలన్నియు ఇంచుమించు ఇచ్చటనే తిరుగుచున్నవి.

ఇక మరల నగరముల మాట. న్యూయార్కు ప్రాంతీయ ప్రణాళికకు, షికాగో నాటి మిత్రుడగు నార్టనే తొలి నాయకుడు. రస్సెల్ సేజ్ సంస్థ ధనముతో 1922లో ఆరంభమైన ఆ కార్యము, మరుసటి యేడు అతడు మరణింపగా డెలానో భుజముల కెక్కెను. మూడు రాష్ట్రములలో వ్యాపించిన 5,528 చదరపు మైళ్ల ప్రదేశమును ఒక్క నగరముగా భావించి, థామస్ ఆడమ్స్ ఆధ్వర్యవమున నిపుణులు సర్వేలు జరిపి వ్రాసిన సంపుటములతోపాటు, అసలు ప్రణాళిక 1929, 1931 సంవత్సరములలో వెలువడెను. లూయిస్ మంఫర్డు అను విమర్శకుడు దానిని నిర్దాక్షిణ్యముగా ఖండించెను. జనము అట్లే పెరిగిపోవునని ముందే ఒప్పుకొని, ఆ రద్దీకి సౌకర్యములు చేయుటేగాని, రద్దీనే మాన్పు సాహసము ఇందులో లేదని ఆతని వాదము. అది న్యాయమైన వాదము. డెలానో కలలు గనువాడు కాడు. ఉన్న కంపెనీలను, ఉన్న మునిసిపాలిటీలను, ఉన్న స్వార్థములను ఒక్క బల్లచుట్టు కూర్చుండబెట్టి, వారు ఒప్పుకొను మేరకు పని సాగించువాడు.

ఆ నేర్పు వాషింగ్టనులో మిక్కిలి చక్కగా ఫలించెను. రాజధాని ఉద్యాన ప్రణాళికా సంఘమునకు 1929 మొదలు 1942 వరకు అధ్యక్షుడుగా నుండి, నదీతీరములను, లోయలను ఇండ్లస్థలముల వ్యాపారుల బారినుండి కాపాడుటకు పాటుపడెను. పోటోమాక్ నదికి ఇరువైపుల భూములు సేకరించి ఉద్యానమార్గము వేయుటకు అధికారమిచ్చిన 1930 నాటి కాపర్-క్రామ్టన్ చట్టము అతని అధ్యక్షతాకాలముననే వచ్చెను.

మేనల్లుడు అధ్యక్షపీఠ మెక్కిన 1933లోనే జాతీయ ప్రణాళికా సంఘ మేర్పడెను. డెలానో అధ్యక్షుడు, షికాగో విశ్వవిద్యాలయపు చార్లెస్ మెరియం, ఆర్థికవేత్త వెస్లీ మిచ్చెల్ సభ్యులు. బంధుప్రీతి యని కొందరు గొణిగిరి. కాని నగరప్రణాళికలపై రూజ్వెల్టునకు తొలి యాసక్తి కలిగించినవాడే ఈ మేనమామ. పలుమార్లు పేరు మార్చుకొనుచు ఆ సంఘము నదులు, భూములు, నగరములు, యంత్రవిద్యలను గూర్చి ఎన్నో నివేదికలు వెలువరించెను. దాని ప్రోత్సాహమున దాదాపు అన్ని రాష్ట్రములలోను ప్రణాళికా సంఘములు వెలసెను. దానికి ఒక్క వంతెన కట్టు అధికారమైన లేదు. అయినను, నదీప్రాజెక్టులను తమతమ నియోజకవర్గములకు పంచిపెట్టుట కలవాటుపడిన శాసనసభ్యులకు, ఏది ముందు ఏది వెనుక యని లెక్కవేసి చెప్పువాడు కంటగింపయ్యెను. నిరుద్యోగులకు, వృద్ధులకు, దీనులకు ప్రభుత్వము కల్పింపవలసిన రక్షణను గూర్చిన బృహన్నివేదికను, పెర్ల్ హార్బరుపై దాడికి మూడు దినములముందు సంఘము అధ్యక్షునకు సమర్పించెను. 1943 మార్చిలో అది కాంగ్రెసు ముందుకు రాగా, ప్రతిపక్షము భగ్గుమనెను. ఆ వేసవిలో కాంగ్రెసు సంఘమునకు నిధులు నిలిపి, ఆగస్టు 31తో దానిని ముగించి, దాని పనులను మరే శాఖకును అప్పగింపరాదనియు, కాగితములను జాతీయ పత్రాగారమునకు పంపవలెననియు శాసించెను.

డెలానో 1953 మార్చి 28న వాషింగ్టనులో కాలధర్మము నొందెను. అతడు కొత్త సిద్ధాంతము కనుగొన్న మేధావి కాడు. మేనల్లుని పలుకుబడి లేకున్న జాతీయ సంఘము పదేండ్లు నిలిచియుండెడిది కాదేమో. కాని తన చేత అధికారము లేకపోయినను పని మానని ఉద్యోగి యే దేశమునకైనను అరుదు. కొడుకులను కూతుండ్రను చూడబోయి వర్జీనియాలో నెలలు గడుపు మన తెలుగు తల్లిదండ్రులు, పోటోమాక్ ఒడ్డున చెట్లనీడలో సాగు ఆ ఉద్యానమార్గమున కారులో పోవునపుడు, ఈ మనుష్యుని పేరు ఒక్కమారు పిల్లలకు చెప్పవలసినదిగా నా మనవి.