మహానగరమున చలి మరణములు

శివరాత్రికి చలి శివశివా యనుచు పోవునని మన పెద్దలు చెప్పుదురు. పోవుచు నది యెందఱి ప్రాణములను గొనిపోయినదో మనము లెక్కింపము. వడదెబ్బచే నొకడు మరణించినచో నూరంతయు నెఱుగును. చలి పెక్కుమారులు గుండెపోటనియు, పక్షవాతమనియు వేఱుపేర్లతో వచ్చును.

హైదరాబాదు దక్కను పీఠభూమిపై, సముద్రమట్టమునకు ఐదువందల మీటర్లకు పైబడిన యెత్తున నున్నది. 1946వ సంవత్సరము జనవరి 8వ తేదీన నచ్చట ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగెను. నగరమునకు పడమట నున్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి యొకనాడు ఱాతిగుట్టల నడుమ పల్లెలు. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిరి. నాటినుండి యా గుట్టలయందు హైటెక్ సిటీ పెరిగెను. ఆ సౌధములను పాలమూరునుండియు, శ్రీకాకుళమునుండియు, ఒడిశానుండియు వచ్చిన కూలీలు కట్టిరి. మేడలోపల యంత్రములు గాలిని సమశీతోష్ణముగ నుంచును. ప్రక్కనే ఱేకుల పాకలో పరుండువానికి ఱేకు రాత్రివేళ వేడిని నిలుపదు.

చలి సోకినంతనే చర్మమునందలి రక్తనాళములు ముడుచుకొనును, రక్తపుపోటు హెచ్చును, గుండెకు శ్రమ పెరుగును. భారతదేశపు మరణములను పరిశీలించి 2018లో ప్రకటించిన యొక పరిశోధన, వ్యాధిమరణములలో 6.3 శాతము ఒక మోస్తరు చలివలన గలిగినవని యంచనా వేసెను. మనము చలియని తలపనైన తలపని వాతావరణము గూడ నందు చేరియున్నది.

అయినను అందఱికి నీ యాపద సమానము గాదు. వృద్ధులు, పసివారు, గుండెజబ్బు, ఉబ్బసము గలవారు, చాలినంత తిండిలేనివారు, కాలిబాటపై నొంటరిగ పరుండువారు ముందుగా బలియగుదురు. మద్యము వెచ్చదనపు భ్రాంతి గొలిపి, లోపలి వేడిని వెలికి పంపును. తలుపులు మూసిన గదిలోని కుంపటి విషవాయువుతో నిద్రలోనే ప్రాణము దీయగలదు.

ఢిల్లీలో నిరాశ్రయుల యిక్కట్లను విచారించి 2010లో సుప్రీంకోర్టు, పెద్దనగరములందు లక్ష జనాభాకు నూఱుగురికైనను రాత్రి యాశ్రయము కల్పింపవలెనని నిర్దేశించెను. హైదరాబాదు నగరపాలక సంస్థయు నట్టి గృహములను నెలకొల్పినది. కాని, అవి యెచట నున్నవో తెలియని కూలీకి వానివలన ప్రయోజన మేమి?

పెద్దలారా! మీ యూరి యువకుడు పనికై నగరమునకు బయలుదేరునపుడు మూటలో నొక గొంగడి పెట్టుడు. రాత్రి తలదాచుకొను చోటేదని యడుగుడు. మీరే సైబరాబాదులోని బిడ్డలయింటికి పోయినచో, రక్తపుపోటు మందు మానకుడు. తెల్లవాఱుజామున చలిలో తిరుగకుడు. పొరుగున నొంటరిగా నున్న వృద్ధుని రోజున కొకమారు పలుకరింపుడు. ఇది శివరాత్రి దాక మఱువరాని పని.