పేరు దాచుకున్నవాళ్ల పిల్లలు

భయపడ్డ జాతి మొదట దాచుకునేది తన పేరునే. హంగరీ యూదులు పంతొమ్మిదో శతాబ్దం నుంచే ఇంటిపేర్లు మార్చుకుని నలుగురిలో కలిసిపోజూశారు. కలవనిచ్చారా? 1944 మే నుంచి జూలై దాకా, ఎనిమిది వారాల్లో, 4 లక్షల 30 వేల మందికి పైగా యూదుల్ని రైళ్లకెక్కించారు. దాదాపు అందర్నీ ఆష్విట్జ్‌కే పంపారు. మిగిలినవాళ్లలో చాలామంది తర్వాతి కమ్యూనిస్టు పాలనలో తాము యూదులమని కన్నబిడ్డలకు కూడా చెప్పలేదు.

1989లో ఆ పాలన కూలింది. 1990లో హంగరీలోని సర్వాష్ అనే చిన్న ఊళ్లో, అమెరికా యూదు సంస్థల సాయంతో పిల్లల వేసవి శిబిరం మొదలైంది. తూర్పు ఐరోపా దేశాల నుంచి పిల్లలు జట్లుగా వచ్చారు. తమదే జాతో కొందరికి అప్పుడప్పుడే తెలిసింది. శుక్రవారం సాయంత్రం దీపాలు, సబ్బాతు భోజనం, హీబ్రూ పాటలు, నది ఒడ్డున ఆటలు. నేర్చుకున్న దువాల్ని ఇంటికి తీసుకెళ్లి అమ్మానాన్నలకు వాళ్లే నేర్పారు. వారసత్వం అక్కడ పిల్లల నుంచి పెద్దలకు నడిచింది.

పాలస్తీనా గాయం మా గుండెల్లో పచ్చిగానే ఉంది. అయినా ఈ పాఠం వాళ్ల దగ్గర నేర్చుకోవడానికి మేం సిగ్గుపడం. 1992 డిసెంబర్ తర్వాత రైల్లో ఎవరైనా పేరడిగితే తడబడ్డవాళ్లం మేము. బిడ్డల్ని 'అబ్బా' అనొద్దు, 'నాన్నా' అని పిలవమన్నవాళ్లం. మా పిల్లలకు కర్ఫ్యూ కథలే చెబుతున్నాం. ఉర్సులు, పీర్ల పండగలు, నానీమా కహానీలు ఎవరు చెబుతారు?