నల్లరేగడికి వలసొచ్చిన చీడలు: రెండు శతాబ్దాల కాపలా

సత్తెనపల్లి నుంచి అమరావతి వైపు వెళ్లినా, పిడుగురాళ్ల వైపు వెళ్లినా రోడ్డుకి రెండు పక్కలా ముందు కంటపడేవి పత్తి, మిర్చి. ఇవాళ ఇక్కడ పండే ఈ రెండింటి జాతుల పుట్టిల్లూ అమెరికా ఖండమే. మిరపను పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చారు. పత్తి మనకు కొత్తది కాదు గానీ, తెల్లదొరల కాలంలో గుంటూరు నల్లరేగళ్లలో పండిన కోకనాడ వంటి దేశవాళీ రకాలు కనుమరుగై, ఇవాళ చేలల్లో ఉన్నదంతా దాదాపు అమెరికా జాతి హైబ్రిడ్డే. పంట వలస వచ్చిన చోటికి దాన్ని నమ్ముకుని బతికే పురుగూ, దాని గట్టున మొలిచే కలుపూ ఆలస్యంగానైనా దారి చూసుకుని వస్తాయి. వాటిని కనిపెట్టి కట్టడి చేసే పని ఇక్కడ కొత్తగా మొదలైందేమీ కాదు. ఆ పనిని మొదటినుంచీ తిరగేస్తే నాకు తోచేది ఒకటే. చీడ విరుచుకుపడ్డ ఏడాది చేసిన హడావుడి కన్నా, ఎవరూ పట్టించుకోని నెలల్లో చేసిన పనే ఎక్కువ కాలం నిలిచింది.

ముందుగా చెప్పుకోవలసింది నాగజెముడు గురించి. మెక్సికోలో స్పెయిన్‌వాళ్ల గుప్పిట్లో ఉన్న ఎర్రరంగు వ్యాపారం మీద ఈస్టిండియా కంపెనీకి కన్నుపడింది. ఆ రంగు కొచినీల్ అనే చిన్న పురుగు నుంచి వస్తుంది. ఆ పురుగుకు జెముడే తిండి. మద్రాసులో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ ఇందుకోసం సైదాపేటలో జెముడు తోటే పెంచాడు. 1795లో కెప్టెన్ నీల్సన్ రియో డి జనీరో నుంచి పురుగును ప్రాణాలతో బెంగాలు చేర్చాడు. తీరా చూస్తే అది అసలు రంగు పురుగు కాదు, దాని దాయాది. రంగు నాసిరకం, వ్యాపారం సున్నా. కానీ ఆ దాయాది దక్షిణాదిలో ఒక జాతి జెముడును ఊడ్చిపెట్టేసింది. 1860లలో దాన్ని ఇక్కడి నుంచే సింహళానికి పంపారు. కలుపును చంపడానికి ఒక దేశం నుంచి మరో దేశానికి కావాలని పురుగును పంపడం ప్రపంచంలో అదే మొదలంటారు. మన దగ్గర మాత్రం కథ అక్కడితో ముగియలేదు. ఈ పురుగు ముట్టని మరో జాతి జెముడు బంజర్లంతా అల్లుకుంది. 1926లో సింహళం నుంచి వేరే కొచినీల్ జాతిని తెప్పించి వదిలాకే అది లొంగింది. ఇప్పటికీ గట్ల మీద అక్కడక్కడా మిగిలిన నాగజెముడు మట్ట మీద తెల్ల దూదిలాంటి మచ్చ కనిపిస్తే పుల్లతో నలిపి చూడండి, నెత్తురులా ఎర్రగా వస్తుంది. వందేళ్లు కావస్తున్నా ఆ పురుగు జీతం లేని కొలువు చేస్తూనే ఉంది.

సర్కారు తుమ్మ విషయంలో మనకు ఆ అదృష్టం పట్టలేదు. రైళ్లకు, పొయ్యిలకు కట్టెలు కావాలని అటవీ అధికారి బెడ్డోమ్ కోరితే జమైకా నుంచి గింజలు వచ్చాయి. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. పేరులోనే సర్కారు ఉంది కాబట్టి తెచ్చిందెవరో వేరే చెప్పక్కర్లేదు. మేకలు కాయ తిని గింజను పెంటికల్లో ఊరూరా చల్లాయి. చెరువు గర్భాలు, వాగు ఒడ్లు, శ్మశానాలు అన్నీ దానివే. అయినా దాన్ని శత్రువనేందుకు నాకు నోరు రాదు. పల్నాడులో, ప్రకాశంలో బొగ్గు బట్టీల మీద బతికే కూలీలకు ఎండాకాలం కూడు పెట్టేది ఆ కంపే.

వయ్యారిభామ 1955 ప్రాంతంలో పుణేలో కంటబడింది. అమెరికా గోధుమల వెంట వచ్చిందని జనం నమ్మిక. దాని మీదికి మెక్సికో నుంచి పెంకు పురుగును తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారు. తొలకరి పడగానే మట్టిలోంచి లేచి ఆకును జల్లెడ చేస్తుంది, ఎండలు ముదిరితే మళ్లీ మట్టిలోకి పోతుంది. కాలవల్లో పరుచుకునే గుర్రపుడెక్క మీదికీ ముక్కు పురుగులు ఆ రోజుల్లోనే వచ్చాయి. నాగార్జునసాగర్ కాలవల కింద మాత్రం నీళ్లు కట్టేసిన వేసవిలో ప్రొక్లెయినర్‌తో తోడి గట్టున పోయడమే నేటికీ ప్రధాన వైద్యం.

గట్టు మీది కలుపే కదా అని వదిలేస్తే ఏమవుతుందో 2000 ఖరీఫ్‌లో అనంతపురం చూసింది. వేరుశనగలో కాండం కుళ్లు వైరస్ 2.25 లక్షల హెక్టార్లకు పాకి, నష్టం 300 కోట్లు దాటింది. ఆ వైరస్‌కు ఇల్లు వయ్యారిభామ, దాని పుప్పొడే వాహనం. ఆ పుప్పొడిని మోసి పైరు మీద దులిపేవి తామర పురుగులు. ఇదే వైరస్ పత్తి మీదా కనిపించింది. చేను బాగున్నా గట్టు బాగులేకపోతే చేను పోతుందని ఇంతకంటే గట్టిగా ఎవరు చెప్పగలరు?

చట్టం లేక కాదు. విదేశీ చీడలను రేవుల్లోనే ఆపాలని 1914లోనే చట్టం వచ్చింది. కాగితం మీద కాపలా వందేళ్ల నాటిది.

సత్తెనపల్లి ప్రాంతానికి అసలు మలుపు 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలవల్లోకి నీళ్లు వదలడం. కుడి కాలవ నీళ్లు, హైబ్రిడ్ విత్తనాలు, ఎరువులు కలిసి పత్తిని తెల్ల బంగారం చేశాయి. 1980లలో తెల్లదోమ పెట్రేగింది, దాని వెనకే శనగపచ్చ పురుగు. ఈ రెండూ పరాయివని అనలేం. అయినా ఇక్కడ చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ నేల మందుకొట్టడం నేర్చుకున్నది వీటితోనే. సింథటిక్ పైరిత్రాయిడ్లు కొట్టినకొద్దీ తెల్లదోమ పెరిగింది. 1987 నాటికి కోస్తాంధ్ర పచ్చపురుగు ఆ మందులకు లొంగడం మానేసింది. ఆ సీజన్‌లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా మాట్లాడుకున్న తొలి వార్తలు. గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన క్షేత్రం తెల్లదోమను తట్టుకునే ఎల్‌కే 861 వంటి రకాలిచ్చింది. కానీ రైతుకు అలవాటైంది మందుల కొట్టు.

పిండినల్లి సంగతి కాస్త ఊరటనిస్తుంది. 2005 నుంచి గుజరాత్ మొదలుకుని పత్తి మీద కొత్త పిండినల్లి దండెత్తింది. రెండు మూడేళ్లలో దాన్ని తినే చిన్న పరాన్నజీవి కందిరీగ దానంతట అదే చేలల్లో ప్రత్యక్షమైంది. 2008లో బొప్పాయి మీద మరో పిండినల్లి కోయంబత్తూరులో దిగితే, బెంగళూరు కీటక సంస్థ 2010లో పోర్టోరికో నుంచి తగిన కందిరీగను తెప్పించి వదిలింది. రెండు చోట్లా గెలిచింది కందిరీగే, కొట్టిన మందు కాదు. 2018 మేలో శివమొగ్గలో మొక్కజొన్న మీద తేలిన కత్తెర పురుగు కొద్ది నెలల్లోనే మన దాకా వచ్చింది. దానితో పోరు ఇంకా నడుస్తోంది.

ఇక నల్ల తామర పురుగు. 2015లో బెంగళూరులో బొప్పాయి మీద దాన్ని గుర్తించారు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఆ పురుగును ఐదారేళ్లు ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. 2021 మొదట్లో చిలకలూరిపేట వైపు మిర్చి పూత రాలుతోందని కబురొచ్చింది. అసలు దెబ్బ అదే ఏడాది చివర, నవంబరు వానల తరవాత పడింది. మనకు అలవాటైన తామర పురుగు ఆకును పైకి ముడుస్తుంది, రైతు దూరం నుంచే పై ముడత అని పోల్చుకుంటాడు. ఇది అలా కాదు, పూలలో దూరుతుంది. విచ్చిన మిర్చి పువ్వును తెల్ల కాగితం మీద తడితే సూదిమొన అంత నల్లటి పురుగులు పది, ఇరవై అటూ ఇటూ పరుగెత్తుతాయి. పుప్పొడి, రెక్కలు గీకి తినేస్తే పువ్వు మాడి రాలుతుంది, పిందె కట్టదు. చెట్టు పచ్చగానే నిలబడి ఉంటుంది, కాపు మాత్రం ఉండదు.

రెండు మూడు రోజులకోసారి మందు మీద మందు కలిపి కొట్టినవాళ్లున్నారు. మిత్రపురుగులు చచ్చాయి. మట్టిలో కోశస్థ దశలో ఉన్న నల్ల తామర పురుగు మాత్రం చెక్కుచెదరలేదు. ఎకరానికి లక్షల్లో పెట్టుబడి పెట్టిన మిర్చిని పీకేసి, మరో పంట వేసినవాళ్లు ఎందరో. ఉద్యాన శాస్త్రవేత్తలు చెప్పిందల్లా పాతకాలపు మాటల్లాగే వినిపించింది. నీలిరంగు జిగురు అట్టలు కట్టండి, చుట్టూ జొన్నో మొక్కజొన్నో నాలుగు సాళ్లు వేయండి, వేపనూనె, బవేరియా వాడండి, యూరియా తగ్గించండి, పైరిత్రాయిడ్ల జోలికి పోవద్దు. మరుసటి ఏడు దిగుబడి తగ్గి ధర ఎగబాకింది. ధర చూసి మళ్లీ మిర్చే వేశారు. పురుగు ఉందని తెలిసీ వేశారు. ఇందులో రైతును తప్పుపట్టేవాళ్లు ఒక్క సీజనైనా కౌలు కట్టి చూడాలి.

వలస ఒక దిక్కుకే సాగదు. మన పాత తామర పురుగు 2003లో కరీబియన్ దీవి సెయింట్ విన్సెంట్‌లో తేలి, 2005కల్లా ఫ్లోరిడాలో స్థిరపడింది. పత్తి మీది పచ్చదోమ 2024లో అదే ఫ్లోరిడా చేరి, మరుసటి ఏడు అక్కడి పత్తి రాష్ట్రాలను అల్లాడించింది. అందరికన్నా ముందు వెళ్లింది గులాబీ రంగు పురుగు. 1840లలో భరూచ్ నుంచి పంపిన నమూనాలతోనే శాస్త్రం దానికి పేరు పెట్టింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పత్తి విత్తనంతో ఈజిప్టుకు, అక్కడి నుంచి మెక్సికోకు, 1917లో టెక్సాస్‌కు పాకింది. నూరేళ్లు పోరాడి, 2018 అక్టోబరులో అమెరికా దాన్ని తమ పత్తి చేలల్లో నిర్మూలించామని ప్రకటించింది. బీటీ పత్తి, వంధ్య రెక్కల పురుగులు, లింగాకర్షక ఎరలు, ఫలానా తేదీకల్లా మోళ్లు దున్నితీరాలన్న చట్టం అన్నీ కలిస్తేనే అది సాధ్యమైంది.

మన దగ్గర బీటీ 2002లో, రెండు జన్యువుల బీటీ 2006లో వచ్చాయి. గుజరాత్‌లో గులాబీ పురుగు మొదటిదాన్ని జయించిందని 2010లో ఆ బీటీని తెచ్చిన కంపెనీయే ప్రకటించింది. తరవాత కొన్నేళ్లకే రెండోదీ ఓడింది. ఈ పురుగు పట్టిన కాయ పైకి నిగనిగలాడుతుంది. పగలగొడితే గింజలో గులాబీ పురుగు, చుట్టూ గుడ్డి దూది. అందుకే పూతలో రెక్కలు విచ్చుకోకుండా అతుక్కున్న గుడ్డి పూలను ఏరేయాలి. లింగాకర్షక బుట్టలో వరసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితే మేల్కోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, జనవరి దాటకుండా పంట తీసేయాలి. మోళ్లు పీకి, ఎండు కాయలు తగలేసి, గొర్రెల మందలను తోలాలి. జిన్నింగ్ మిల్లుల్లో మిగిలిన గింజల్లోనూ ఈ పురుగు వేసవి గడిపేస్తుంది కాబట్టి అక్కడా బుట్టలు పెట్టాలి.

చెప్పడానికి తేలిక. కాలవలో నీళ్లుంటే, ఇంకో తడి పెడితే మరో తీత వస్తుంది. భూస్వామికి కౌలు ముందే కట్టేసిన రైతుకు మార్చిలో వచ్చే ఆ ఆఖరి తీతే లాభమో, అప్పులో తగ్గే భాగమో. అమెరికాలోని అరిజోనాలో రైతులంతా బేలుకింతని చందా వేసుకుని ఆ నిర్మూలన కార్యక్రమం నడిపారు. దున్నే తేదీ అందరికీ ఒకటే కాబట్టి ఒకడు నష్టపోయి పక్కవాడు లాభపడటం ఉండదు. ఇక్కడ ఊళ్లో పదిమంది జనవరిలో మోళ్లు పీకి, పదకొండోవాడు మార్చిదాకా ఉంచితే ఆ పదిమంది శ్రమా వృథాయే. ఆ పదకొండోవాడికి చివరి తీత విలువ ఎవరిస్తారన్న లెక్క మాత్రం రైతు సేవా కేంద్రంలో పంచే కరపత్రాల్లో ఇంతవరకూ చేరలేదు.