ఉన్ని నిచ్చిన కుక్క

పొడవైన వెంట్రుకలు గల చిన్నజాతి కుక్కను ఇంట పెంచువారికి దువ్వెన పని తప్పదు. ప్రతిదినము దువ్వవలెను, అప్పుడప్పుడు కత్తిరింపవలెను. కొన్నాళ్ళు అశ్రద్ధ చేసినచో వెంట్రుకలు చిక్కుపడి ఉండలు కట్టును. వాని క్రింద తేమ నిలిచి చర్మము పుండు పడును. ఇదంతయు కలిగినవారి వేడుక యని మనము తలచుదుము. కాని ఉత్తర అమెరికా పడమటి తీరమున ఒకప్పుడు కుక్క బొచ్చు కత్తిరించుట వేడుక కాదు. అది స్త్రీల కుటీరపరిశ్రమ.

నేడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకును, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమునకును చెందిన ఆ తీరమున కోస్ట్ సేలిష్ అను ఆదివాసి ప్రజలు తరతరములుగా నివసించుచున్నారు. యూరోపియనులు వచ్చువరకు వారికి గొఱ్ఱెలు తెలియవు. అడవి కొండమేక ఉన్ని ఎత్తైన పర్వతములకు పోయినగాని దొరకదు. కావున వారు దట్టమైన తెల్లని బొచ్చు గల ఒక కుక్కజాతిని ప్రత్యేకముగా పెంచిరి. ఊరి వేటకుక్కలతో కలిసినచో బొచ్చు గుణము చెడును గదా! అందుచేత ఈ కుక్కలను చిన్న దీవులలోను, దడులలోను వేరుగా ఉంచి, చేపలు మేపెడివారు. ఇవి స్త్రీల సొత్తు. ఎన్ని కుక్కలుండిన అంత సంపదగా ఎంచెడివారు.

1792లో ఆంగ్ల నావికుడు జార్జి వాంకూవర్ ప్యూజెట్ సౌండ్ అను సముద్రశాఖలో ఈ కుక్కలను చూచెను. అవి పొమరేనియన్ కుక్కలను పోలి, వానికంటె కొంచెము పెద్దవిగా నుండెను. గొఱ్ఱెలకు వలెనే వాని బొచ్చు చర్మము వఱకు కత్తిరింపబడి యుండెను. కత్తిరించిన బొచ్చు ఎంత దట్టముగా నల్లుకొని యున్నదనగా, ఒక మూల పట్టి ఎత్తినను విడిపోలేదని ఆయన వ్రాసెను. ఆ ఉన్నిలో తెల్లని డయాటము మట్టిని చల్లి కొట్టెడివారు. డయాటములు అనునవి నీటిలోని సూక్ష్మజీవులు. వాని సిలికా గుల్లలు పేరుకొని ఆ మట్టి ఏర్పడును. సూక్ష్మరంధ్రములు గల ఆ గుల్లలు జిడ్డును పీల్చుకొనును. పిదప కొండమేక ఉన్నితో కలిపి వడికి, కంబళ్ళు నేసెడివారు. ఆ కంబళ్ళు చలికి కప్పుకొనుటకే గాక, పాట్లాచ్ అను విందులలో కానుకలుగా పంచుటకును ముఖ్యమైనవి.

ఆ కంబళ్ళలో నిజముగా కుక్క ఉన్ని యున్నదా యని చాలకాలము కొందరు సందేహించిరి. వెంట్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో నిర్మితము. ఆ కెరటిన్ నిర్మాణము జంతువును బట్టి కొంచెము మారును. 2011లో శాస్త్రజ్ఞులు ఈ భేదము నాధారముగా చేసికొని స్మిత్సోనియన్ సంస్థలోని పాత కంబళ్ళను పరీక్షించిరి. కొన్ని ప్రాచీనమైన కంబళ్ళలో మేక ఉన్నితో కలిసి కుక్క ఉన్ని కనబడెను.

అదే సంస్థలో ఒక కుక్క చర్మము కూడ భద్రముగా నున్నది. దాని పేరు మటన్. దానిని పెంచిన జార్జి గిబ్స్ సరిహద్దు సర్వేలో పనిచేసినవాడు; అది 1859లో చనిపోయెను. 2023లో దాని జన్యువుల పరిశీలన ప్రకటింపబడెను. ఈ జాతి సుమారు 5,000 సంవత్సరముల క్రిందటనే ఇతర కుక్కల వంశములనుండి విడివడియుండునని తేలెను. వెంట్రుకల పెరుగుదలతో సంబంధము గల 28 జన్యువులలో ప్రత్యేకతలు కనబడెను. అనగా తరతరముల స్త్రీలు ఏరి ఏరి పెంచిన ఫలితము ఆ కుక్క దేహములోనే లిఖింపబడి యున్నది.

ఇంత చరిత్ర గల జాతి సుమారు 1900 నాటికి అంతరించెను. హడ్సన్ బే కంపెనీ చవుకగా అమ్మిన యంత్రపు కంబళ్ళు వచ్చుటచే కుక్కల అవసరము తీరినదని పూర్వపు చరిత్రకారులు చెప్పెడివారు. 2023 నాటి పరిశోధనలో పాల్గొన్న కోస్ట్ సేలిష్ పెద్దలు ఈ సమాధానమును ఒప్పుకొనలేదు. తమ కులవృత్తిని, తమ గౌరవమును కొన్న కంబళికై ఎవరు విడుతురు? మశూచి ఊళ్ళను ఖాళీ చేసెను. వలస ప్రభుత్వములును, మిషనరీలును వారి ఆచారములను అణచిరి. 1884లో కెనడా ప్రభుత్వము పాట్లాచ్‌ను నిషేధించుచు శాసనము చేసెను. 1951 వఱకు ఆ నిషేధము తొలగలేదు. దువ్వి, కత్తిరించి, వేరుగా కాపాడు చేతులు లేనపుడు, ఆ కుక్కలు ఇతర కుక్కలతో కలిసిపోయెను.

పెంపుడు జాతి ప్రకృతి యొక్కటే సృష్టించినది కాదు. దానిలో సగము జన్యువు, సగము మానవుని శ్రద్ధ. మటన్ చర్మము నుండి శాస్త్రజ్ఞులు జన్యువులను చదువగలిగిరి. కుక్కలు ఎందుకు పోయినవో మాత్రము అవ్వల మాటలను తరతరములుగా నిలుపుకొన్న కుటుంబములే చెప్పవలసి వచ్చెను. ఆ కుటుంబములలో నేత నేడును సాగుచున్నది. మగ్గముపై ఇప్పుడు గొఱ్ఱె ఉన్ని యున్నది. కుక్క మాత్రము లేదు.