పెళ్లి అన్నం తిన్న గేదె, కోళ్ల మందు తిన్న ఆవు

ఈ ఎపిసోడ్ మా అమ్మమ్మ ఊరి నుంచి మొదలుపెడతాను. నాకు పదేళ్లప్పుడు ఇంట్లో పెళ్లి జరిగింది. మిగిలిన అన్నం పారేయడం ఎందుకని గంపెడు తెచ్చి గేదెకి పెట్టారు. మర్నాటికి డొక్క ఉబ్బింది, నెమరు ఆగిపోయింది. పడుకున్న గేదె మళ్లీ లేవలేదు. దిష్టి తగిలిందన్నారు. అసలేం జరిగిందో నాకు ఈమధ్యే అర్థమైంది.

పశువు మొదటి పొట్టను రూమెన్ అంటారు. అక్కడ గడ్డిని అరిగించేది పశువు కాదు, లోపల బతికే సూక్ష్మజీవులు. గడ్డి మెల్లగా పులుస్తుంది. అన్నంలో, గింజల్లో ఉండే పిండిపదార్థం మాత్రం చాలా వేగంగా పులుస్తుంది. ఒకేసారి ఎక్కువ పడితే లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది, ఆ పులుపుకి మేలు చేసే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. 1952లో అమెరికాలో రాబర్ట్ హంగేట్ బృందం గొర్రెల్లో ఈ మార్పుల్ని వివరించింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో మొక్కజొన్న చవకైపోయింది. టెక్సాస్, కాన్సాస్, నెబ్రాస్కాల్లో వేల పశువుల్ని ఒకేచోట ఉంచి గింజలతో బలిపించే ఫీడ్‌లాట్లు పెరిగాయి. అంటే మా ఇంట్లో ఒక్కరోజు జరిగిన పొరపాటు అక్కడ రోజూ పెట్టే మేత అయింది. కొద్దికొద్దిగా అలవాటు చేసినా ముప్పు పూర్తిగా పోలేదు.

అప్పుడొచ్చింది మోనెన్సిన్. ఎలీ లిల్లీ కంపెనీ ఒక స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా నుంచి తీసిన మందు ఇది. మొదట 1971లో కోళ్లకొచ్చే కాక్సిడియోసిస్‌కి అనుమతి వచ్చింది. 1975లో మాంసం పశువుల దాణాలోకీ వచ్చింది. లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియాను ఇది అణుస్తుంది. మీథేన్‌గా పోయే శక్తి కొంత పశువుకే మిగులుతుంది. కాబట్టి తక్కువ మేతతోనే బరువు పెరుగుతుంది. కానీ అదే దాణా పొరపాటున గుర్రం తింటే, కొంచెమైనా ప్రాణాలకే ముప్పు.

యాంటీబయాటిక్స్‌కి లొంగని బ్యాక్టీరియా పెరుగుతుందన్న భయంతో, బరువు పెంచడానికి వాటిని దాణాలో కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి ఆపేసింది. మోనెన్సిన్ కూడా అందులో ఉంది. మనుషులకు వాడే మందు కాదు కాబట్టి అమెరికాలో ఇంకా వాడుతున్నారు.

మా సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ప్యాచ్ అంటాం. అసలు సమస్య, అంటే గింజల మేత, అలాగే ఉంది.

ఇదంతా అమ్మమ్మకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే దిష్టి కాదన్నమాట. పెట్టింది నేనేరా” అంది. తెలియక పెట్టావులే అన్నాను. మీకు మాత్రం ఇప్పుడు తెలుసు. పెళ్లి అన్నం గంపలకొద్దీ పశువుకి పెట్టకండి. ఒకవేళ తినేస్తే, ఉబ్బే దాకా ఆగకుండా పశువుల డాక్టర్‌ని పిలవండి. మళ్లీ కలుద్దాం.